చిన్నోడితో పార్కుకు

మా అమ్మాయి ఆ మాట అడిగినప్పుడు నేను చిన్నోడికి పాలు పడుతున్నాను. పడుతున్నానంటే సీసాతో కాదు, గ్లాసుతోనూ కాదు. వాడి బొడ్డుకి కాస్త పైన, ఎడమ పక్కన, చొక్కా గుండీలాంటి ప్లాస్టిక్ బటన్ ఒకటి ఉంటుంది. దానికి సన్నటి గొట్టం తగిలించి, గొట్టం చివర పెద్ద సిరంజి పెట్టి, అందులో పాలు పోసి ఎత్తి పట్టుకుంటే నిదానంగా వాడి పొట్టలోకి దిగుతాయి. వాడు నెలలు నిండకుండా పుట్టాడు. ఊపిరితిత్తులు బలహీనం. మింగడం సరిగా రాదు. నోటితో తాగిస్తే పాలు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అట్లా రెండుసార్లు న్యుమోనియా వచ్చి ఆస్పత్రిలో ఉన్నాక, డాక్టర్లు ఆపరేషన్ చేసి ఈ బటన్ పెట్టారు. మొదట్లో దాన్ని చూడాలంటేనే నాకు భయమేసేది. ఇప్పుడు అది వాడి ముక్కులాగా, చెవిలాగా వాడి ఒంట్లో ఒక భాగమే అనిపిస్తుంది.

"మమ్మీ, దసరా సెలవుల్లో మనం పార్కుకు పోదామా?" అంది మా అమ్మాయి. దానికి ఎనిమిదేళ్ళు. వాడికి మూడో ఏడు నడుస్తోంది.

"కాలనీ పార్కుకేగా? సాయంత్రం వెళ్దాంలే."

"అది కాదు. ఊరి బయట పెద్దది. రంగులరాట్నం, రోలర్ కోస్టర్, బొమ్మ రైలు ఉంటాయి కదా, అది. మా క్లాసులో అందరూ పోయొచ్చిండ్రు." కాసేపు ఆగి, తమ్ముడి కాలి బొటనవేలు పట్టుకుని ఊపుతూ, "వీడితోనే. వీడిని ఇంట్ల పెట్టి పోయేది నాకొద్దు," అంది.

వాడు పుట్టినప్పటినుంచి మేం నలుగురం కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఆస్పత్రికి తప్ప. అమ్మాయి స్కూల్లో డాన్సు ఉంటే నేను వెళ్ళేదాన్ని, ఆయన ఇంట్లో ఉండేవాడు. పెళ్ళికి ఆయన వెళితే నేను ఉండేదాన్ని. ఆ పిల్ల పుట్టినరోజు ఫొటోల్లో ఎప్పుడూ ఎవరో ఒకరం తక్కువే. దాన్ని గురించి అది ఒక్కసారీ గొడవ చెయ్యలేదు. గొడవ చేసుంటే నేను కసిరేసి ఊరుకునేదాన్నేమో. ఇలా మెల్లగా అడిగేసరికి, "డాడీని అడుగుదాంలే," అన్నాను.

మాది హైదరాబాద్‌లో మన్సూరాబాద్. మా ఆయనకి హయత్‌నగర్ మార్కెట్లో చీరల కొట్టు. వాళ్ళది పోచంపల్లి వైపు మగ్గం నేసిన కుటుంబం. మా అత్తయ్య మా దగ్గరే ఉంటుంది. మా అమ్మావాళ్ళు గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడినవాళ్ళు. అందుచేత మా ఇంట్లో ఏ విషయం మీదైనా రెండు రకాల తెలుగులో చర్చ జరుగుతుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకి చెప్పాను. "పోదాం తియ్," అన్నాడు వెంటనే. రెండు ముద్దలు తిన్నాక, "ఎట్ల పోదాం?" అన్నాడు.

తర్వాత మూడు వారాలూ మేం చేసిన పనంతా ఆ రెండో మాటకి జవాబు వెతుక్కోవడమే.

ముందు డాక్టరుగారిని అడిగాం. వద్దంటుందనే అనుకున్నాను. వద్దంటే ఆ పిల్లకి సర్దిచెప్పడం తేలికని కూడా అనుకున్నాను. ఆవిడ వాడి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, నావైపు చూసి, "ఎందుకు వెళ్ళకూడదమ్మా? వీడికి ఊపిరితిత్తులు ఒక్కటే ఉన్నాయా? కళ్ళున్నాయి, చెవులున్నాయి," అంది. తర్వాత షరతులు చెప్పింది. సెలవు రోజుల రద్దీ వద్దు, నీళ్ళ ఆటలు వద్దు, ఎండెక్కకముందే వెళ్ళాలి, జలుబు ఏమాత్రం ఉన్నా ప్రయాణం మానెయ్యాలి. చిన్న ఆక్సిజన్ సిలిండరు, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో వేలికి పెట్టి చూసే మీటరు, బటన్ ఊడిపోతే పెట్టడానికి కొత్త బటన్ వెంట ఉండాలి. బటన్ ఊడితే ఆ రంధ్రం త్వరగా మూసుకుపోతుంది, అందుకని ఆలస్యం చెయ్యకుండా కొత్తది పెట్టెయ్యాలి. పెట్టడం మా ఇద్దరికీ ఆస్పత్రిలోనే నేర్పారు. కాని ఇంతవరకూ నర్సు పక్కన లేకుండా నేను పెట్టింది లేదు.

మా అమ్మకి ఫోన్ చేసి చెబితే, "నీకేమైనా మతి పోయిందా? ఆ దుమ్మూ, ఆ జనం! వాడు తుమ్మితేనే నాకు గుండె ఆగిపోతుంది, నువ్వు రోలర్ కోస్టర్ ఎక్కిస్తానంటావా?" అంది.

"వాడిని కాదమ్మా, పెద్దదాన్ని ఎక్కిస్తాం."

"ఎవర్ని ఎక్కించినా నేను రాను. నాకు చూసే ఓపిక లేదు."

ఫోను స్పీకర్లో ఉంది. పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తయ్య ఫోను దగ్గరికి వంగి, "వదినా, పరేషాన్ గాకు. నేను పోతున్న గదా ఎంబడి," అంది. ఆమె వస్తుందన్న సంగతి మాకూ అప్పుడే తెలిసింది.

మా అత్తయ్య మరుసటి రోజే పనిలోకి దిగింది. చిన్నోడికి ఆ బటన్ పట్టుకుని లాగడం సరదా. ఇంట్లో అయితే చెయ్యి పట్టుకోవచ్చు, బయట ఎంతసేపని కాపలా కాస్తాం? కొట్టులో మిగిలిన ఇక్కత్ ముక్కలు తెప్పించుకుని, లోపల మెత్తటి పాత పంచె గుడ్డ వేసి, వాడి నడుముకి సరిపడా ఒక పట్టీ కుట్టింది. వెనకవైపు ముడి. ముందు, సరిగ్గా బటన్ ఉన్న చోట, పైకి లేపే చిన్న రెక్క. పాలు పట్టేటప్పుడు రెక్క ఎత్తితే చాలు, పట్టీ విప్పక్కర్లేదు. మొదటిది బిగుతైంది. రెండోది జారిపోయింది. మూడోది కట్టుకుని వాడు ఇల్లంతా మోకాళ్ళ మీద తిరిగి, పదేపదే వేళ్ళతో తడుముకుని, బటన్ దొరక్క నావైపు కోపంగా చూశాడు. మా అత్తయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. "సూడు, ఎట్ల గుర్రుమంటున్నడో! వాని సొత్తు నేనే దోసుకున్నట్టు!"

పార్కు కంటే ముందు చిన్న ప్రయాణం ఒకటి చేసి చూద్దామన్నాడు మా ఆయన. ఒక ఆదివారం పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి మూసారాంబాగ్ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి మా అమ్మావాళ్ళింటికి వెళ్ళాలని పథకం. సామాను చూసి మా ఆయన తల పట్టుకున్నాడు. "ఏంది గింత సామాను? మనం మూసారాంబాగ్ పోతున్నమా, కాశీకి పోతున్నమా?" సిలిండరు సంచి, పాల డబ్బాలు, ఐసు పెట్టిన సంచి, సిరంజిలు, మీటరు, బట్టలు, కొత్త బటన్ ఉన్న డబ్బా. స్టేషన్లో సామాను తనిఖీ చేసే ఆమె సిలిండరు చూసి ఆపింది. డాక్టరు చీటీ చూపించి, చిన్నోడిని చూపించాం. వాడు ఆమెవైపు చెయ్యి చాపి ఆమె టోపీ అడిగాడు. ఆమె నవ్వి పంపించింది.

రైలు కదలగానే వాడు గట్టిగా నా మెడ పట్టుకున్నాడు. చైతన్యపురి దాటేసరికి పట్టు వదిలాడు. మూసారాంబాగ్ వచ్చేసరికి కిటికీకి ముఖం ఆనించి, కింద వెళ్ళే ప్రతి బస్సుకీ "బూ... బూ..." అని చెప్పడం మొదలుపెట్టాడు. దిగుదామంటే ఏడుపు. వాడి ఏడుపు అంత గట్టిగా వినడం నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే ఒకప్పుడు వాడికి అంత గాలి ఉండేది కాదు. పెట్టెలో ఉన్న జనానికి మాత్రం అది తెలియదు కదా, తల్లి నవ్వుతోందేమిటని చూశారు.

అంతా కుదిరిందనుకున్నాం. దసరా సెలవులు అయ్యేలోపు రద్దీ లేని ఒక పొద్దున్న చూసుకున్నాం. అమ్మాయి కొత్త పసుపు గౌను ఇస్త్రీ చేయించుకుని తలుపుకి తగిలించింది. సరిగ్గా ముందురోజు సాయంత్రం చిన్నోడు దగ్గాడు. ఒకసారి. మేం పెద్దవాళ్ళం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మళ్ళీ దగ్గాడు. జ్వరం లేదు, మీటరులో అంకె బాగానే ఉంది, కాని ముక్కు కారుతోంది.

నేను చెప్పక్కర్లేకపోయింది. అమ్మాయి లేచి వెళ్ళి, తలుపుకి వేలాడుతున్న గౌను తీసి, మడత పెట్టి బీరువాలో పెట్టేసింది. ఏడవలేదు. "తమ్ముడికి ఆవిరి పెడతావా మమ్మీ? మిషన్ తేవాలా?" అంది.

మా ఆయన ఆ రాత్రి సరిగా తినలేదు. మా అత్తయ్య మాత్రం మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ విప్పి నూనె రాస్తూ, "పోతమే బిడ్డా. రేపు గాకుంటే ఎల్లుండి. పార్కేమన్న పారిపోతదా? దానికి కాళ్ళున్నయా?" అంది. ఆ పిల్ల నవ్వింది. నవ్వాక ఏడ్చింది. అప్పుడే నాకు కాస్త ఊపిరాడింది.

జలుబు దానంతటదే తగ్గింది. సెలవులు అయిపోయాయి. ఒక బుధవారం స్కూలు మాన్పించి తీసుకెళ్దామని నిర్ణయించాం. క్లాసు టీచరుకి నిజమే చెప్పాను. ఆమె, "వెళ్ళిరండి మేడమ్. వచ్చాక పార్కు విశేషాలు తనతో క్లాసులో చెప్పిస్తా," అంది.

పార్కు గేటు దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. బయటి తినుబండారాలు లోపలికి తేకూడదని బోర్డు. కాపలా ఆయన మా పాల డబ్బాలు ఒక్కొక్కటే బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. యాభై ఏళ్ళుంటాయి, మాట మెత్తగానే ఉంది.

"అమ్మా, లోపల పాలు దొరుకుతయ్. ఇవి లోపటికి పోనియ్యరు."

"బయటి పాలు వాడికి పడవండీ. ఇవి వాడి కోసం లెక్క ప్రకారం కలిపినవి," అన్నాను.

"నోట్లకెల్లి తాగడు భయ్యా, పొట్టలకు పెట్టాలె," అన్నాడు మా ఆయన.

కాపలా ఆయనకి అర్థం కాలేదు. వెనక వరుసలో జనం సణుగుతున్నారు. మా ఆయన డాక్టరు చీటీ కోసం సంచులన్నీ వెతుకుతున్నాడు. అదే సమయానికి చిన్నోడికి ఆకలైంది. పాల డబ్బాలు కళ్ళెదుట బల్ల మీద కనబడుతుంటే వాడు ఊరుకుంటాడా? రెండు చేతులూ చాపి రాగం అందుకున్నాడు. ఇక నేను ఆలోచించలేదు. ఆ బల్ల పక్కనున్న కుర్చీలో కూర్చుని, వాడిని ఒళ్ళో నిటారుగా పెట్టుకుని, పట్టీ రెక్క ఎత్తి, గొట్టం తగిలించి, సిరంజిలో పాలు పోశాను. అమ్మాయి అలవాటుగా వచ్చి సిరంజి అందుకుని పైకి పట్టుకుంది.

వరుసలో సణుగుడు ఆగిపోయింది. అందరూ చూస్తున్నారని తెలుసు. బయటి జనంలో అలా పాలు పట్టడం అదే మొదటిసారి. ఒకావిడ పక్కకి వచ్చి, "పాపం, ఏమైందమ్మా బాబుకి?" అంది.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి, "ఏం కాలేదు ఆంటీ, అన్నం తింటున్నాడు," అంది.

కాపలా ఆయన తన వెనకాల గోడకి ఆనించి ఉన్న పెద్ద గొడుగు తెచ్చి మా మీద ఎండ పడకుండా పట్టుకుని నిలబడ్డాడు. పాలు అయిపోయాక డబ్బాలన్నీ తనే సంచిలో సర్దాడు. "జర ముందుగాల చెప్తే అయిపోవు గదమ్మా," అన్నాడు. ముందుగాల చెప్పామో లేదో ఇప్పుడు వాదించడం ఎందుకని మేమూ తలూపాం.

బుధవారం కావడం వల్ల లోపల పెద్దగా జనం లేరు. మేం ఇన్ని వారాలుగా చిన్నోడికి ఏం చూపించాలని మాట్లాడుకున్నామో అవేవీ వాడికి పట్టలేదు. ఏనుగు వేషం వేసుకున్న మనిషి వస్తే ముఖం తిప్పేసుకున్నాడు. పెద్ద చక్రం వైపు చూడనే లేదు. పచ్చిక మీద నీళ్ళు చిమ్ముతూ గిర్రున తిరిగే గొట్టం ఒకటి ఉంటే, దాని దగ్గర కూర్చుని కదలనన్నాడు. అది తనవైపు తిరిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, అవతలికి తిరగ్గానే చప్పట్లు కొట్టేవాడు. నీళ్ళు మీద పడకుండా నేను దూరంగా పట్టుకుని కూర్చున్నాను. అమ్మాయీ, ఆయనా రోలర్ కోస్టర్ ఎక్కారు. దిగాక పిల్ల ముఖం వెలిగిపోతోంది, తండ్రి ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. "ఇంకోసారి డాడీ!" అంటే ఆయన ఒక బెంచీ చూసుకుని కూలబడ్డాడు.

"నేనొస్త పా," అంది మా అత్తయ్య.

వద్దని చెప్పేలోపే చీర కుచ్చిళ్ళు దోపుకుని బయల్దేరింది. అక్కడున్నవాళ్ళు వయసు చూసి రోలర్ కోస్టర్ ఎక్కించలేదు. ఆమెకి కోపం వచ్చింది. "నా మోకాళ్ళు మంచిగనే ఉన్నయ్, మీ బండే లడబడ ఉన్నట్టుంది," అని వాళ్ళకి చెప్పి, మనవరాలితో రంగులరాట్నం ఎక్కింది. తెల్ల గుర్రం మీద పక్కకి కూర్చుని, ఒక చేత్తో స్తంభం పట్టుకుని, తిరిగి వచ్చినప్పుడల్లా మాకు చెయ్యి ఊపింది. నాలుగోసారో ఐదోసారో తిరిగేటప్పుడు చిన్నోడు కూడా కావాలని మారాం చేశాడు. మెల్లగా తిరిగేదే కదా అని, అది ఆగాక నేనూ వాడిని ఒళ్ళో పెట్టుకుని ఒక కుర్చీలాంటి రథంలో కూర్చున్నాను. వాడు నవ్వాడు. అలా కడుపు ఊగేలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

దిగేటప్పుడు నా చీర తడిగా తగిలింది. ముందు ఉచ్చ పోసుకున్నాడనుకున్నాను. పట్టీ చూస్తే పాలతో తడిసింది. రెక్క ఎత్తితే బటన్ పక్కకి వాలి ఉంది. లోపల దాన్ని పట్టి ఉంచే చిన్న నీళ్ళ బుడగ పగిలిపోయింది. వేలు తగిలించగానే మొత్తం ఊడి నా చేతిలోకి వచ్చింది.

"ఏమైంది?" అన్నాడు మా ఆయన. నా చేతిలోది చూడగానే సంచి అందుకుని ప్రథమ చికిత్స గది ఎక్కడని అడుగుతూ పరుగెత్తాడు.

ఆ గది దగ్గరే ఉంది. లోపల ఒక చిన్న వయసు నర్సమ్మ ఉంది. చూసి, "మేడమ్, ఇలాంటిది నేను ఎప్పుడూ పెట్టలేదు. అంబులెన్స్ పిలవమంటారా?" అంది నిజాయితీగా.

"సిద్ధంగా ఉంచండి. ముందు నేను పెడతాను," అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చిందంటే నాకే ఆశ్చర్యం.

చేతులు కడుక్కున్నాను. కొత్త బటన్ తీసి, బుడగలోకి నీళ్ళు ఎక్కించి, కారడం లేదని చూసి, మళ్ళీ నీళ్ళు లాగేశాను. కొసకి జెల్లీ రాశాను. చిన్నోడు ఏడుస్తున్నాడు. మా ఆయన వాడి చేతులు పట్టుకున్నాడు. మా అత్తయ్య తల దగ్గర నిలబడి, "ఊకో నా బంగారం, అయిపాయె, గుర్రం మీద తిరిగినం గదా, మల్ల తిరుగుదం," అని చెవిలో చెబుతోంది. రంధ్రం దగ్గర పెట్టి మెల్లగా నొక్కాను. పోలేదు. వాడు ఏడుపు మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాడు, పొట్ట వదులైంది, అప్పుడు మళ్ళీ నొక్కాను. జారి కూర్చుంది. నీళ్ళు ఎక్కించి, గొట్టం తగిలించి, సిరంజితో వెనక్కి లాగితే పొట్టలోని పాలు కాసిని వచ్చాయి. సరైన చోటే ఉంది. మీటరు చూశాం. అంకె కాస్త తగ్గి మళ్ళీ పైకి వచ్చి నిలబడింది. అనుమానం ఎందుకని డాక్టరుగారికి ఫోన్ చేసి అన్నీ చెప్పాను. "బాగా చేశావమ్మా. కాసేపు చూసి పాలు పట్టు," అంది.

నేను కుర్చీలో కూలబడ్డాను.

చూస్తే మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మిగిలిన సంచులన్నీ భుజాలకి తగిలించుకుని, నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని, తమ్ముడి చెప్పులు కూడా తెచ్చింది. "ఇంటికి పోదాం మమ్మీ. నాకు సరిపోయింది," అంది.

మా ఆయన నావైపు చూశాడు. నేను చిన్నోడి వైపు చూశాను. వాడి చెంపల మీద కన్నీళ్ళు ఇంకా ఆరలేదు. కాని వాడి చూపు కిటికీలోంచి బయట, పట్టాల మీద వెళుతున్న బొమ్మ రైలు మీద ఉంది. "బూ..." అన్నాడు బొంగురు గొంతుతో.

"సంచులు దించు," అన్నాను అమ్మాయితో. "రైలెక్కి వెళ్దాం."

అది వెంటనే నమ్మలేదు. నా ముఖం, వాళ్ళ నాన్న ముఖం, నానమ్మ ముఖం మార్చి మార్చి చూసింది. తర్వాత సంచులు దబ్బున కింద పడేసి నా నడుము చుట్టూ చేతులు వేసి బిగించింది. ఆ గదిలోనే ఇంకాసేపు కూర్చుని, వాడికి కొద్దికొద్దిగా పాలు పట్టి, ఏమీ కారడం లేదని చూసుకున్నాకే లేచాం.

బొమ్మ రైలులో మేం ఐదుగురం ఒకే పెట్టెలో ఇరుక్కుని కూర్చున్నాం. కూత వేసింది, కదిలింది. మొదటి మలుపు తిరిగేలోపే చిన్నోడు నా భుజం మీద నిద్రపోయాడు. ఇంత చేసి రైలెక్కిస్తే సొరంగం చూడలేదు, వంతెన చూడలేదు. వాడి తరఫున మా అత్తయ్యే అన్నీ చూసింది. సొరంగంలో "ఓ..." అని అరిచింది, ముందు పెట్టెలోని పిల్లలు బదులు అరిచారు. మా ఆయన ఫోను పైకెత్తి ఫొటో తీశాడు. అందులో మేం ఐదుగురమూ ఉన్నాం. నా జుట్టు రేగిపోయి ఉంది, చీర మీద పాల మరక, అమ్మాయి కళ్ళు మూసుకుని నవ్వుతోంది.

ఆ ఫొటో పొద్దున్నుంచి గంటకోసారి ఫోన్ చేస్తున్న మా అమ్మకి పంపాను. అత్తయ్య గుర్రమెక్కిన సంగతీ, బటన్ సంగతీ సాయంత్రం ఇంటికి వచ్చాక నేనే చెప్పాను. పెద్ద గొడవ చేస్తుందనుకుని ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను.

"నువ్వే పెట్టావా? ఒక్కదానివే?" అంది.

"అందరూ ఉన్నారులే. పెట్టింది నేనే."

అవతల ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

"సరేలే. ఆ గుర్రం బొమ్మ మీద కూర్చుంటే మీ అత్తగారికి నడుం పట్టలేదటా?"

"లేదు. మళ్ళీ వెళ్దామంటోంది."

"అయితే ఈసారి ముందే చెప్పండి," అంది మా అమ్మ. "నేనూ వస్తాను. ఆవిడొక్కతే ఎక్కితే ఏం బావుంటుంది?"